నలంద, కశ్మీర్ కథలు: కల్హణుడు, తారానాథుడు, ధర్మస్వామిలో ఎవరి మాట గట్టిది?

నలందను తగలబెట్టిందెవరన్న వాదన మొదలైతే ఎవరో ఒకరు టిబెట్ బౌద్ధ చరిత్రకారుడు తారానాథుణ్ణి తెస్తారు. గుళ్లు కూల్చిందెవరంటే ఇంకొకరు కశ్మీర్ రాజుల చరిత్ర చెప్పే కల్హణుడి రాజతరంగిణి తీస్తారు. ఒకటి బౌద్ధుడి రచన, ఒకటి శైవుడి కావ్యం. ఎవరికి కావలసిన ముక్క వాళ్లకు దొరుకుతుంది. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: రాసినవాడు జరిగినదానికి ఎంత దగ్గర్లో ఉన్నాడు?

తారానాథుడు టిబెట్‌లో కూర్చుని 1608లో రాశాడు. భారతదేశానికి ఎన్నడూ రాలేదు. ఇద్దరు తీర్థికుల (బౌద్ధేతర సన్యాసుల) మీద కుర్ర భిక్షువులు మురికినీళ్లు చల్లడం, వాళ్లు ఏళ్ల తరబడి సూర్యోపాసన చేసి నలంద గ్రంథాలయాలను కాల్చేయడం ఆయన చెప్పిన కథే. పాతకాలపు వైరం అక్కడివాళ్లకు ఎలా గుర్తుండిపోయిందో అందులో కనిపిస్తుంది. అగ్నిప్రమాదానికి సాక్ష్యంగా మాత్రం నేను ఒప్పుకోను.

అదే టిబెట్ నుంచి వచ్చిన బౌద్ధ యాత్రికుడు ధర్మస్వామి సంగతి వేరు. 1234-36 మధ్య మగధలో స్వయంగా తిరిగాడు. ఆయన చెప్పింది శిష్యుడు రాసిపెట్టాడు. అప్పటికి నలంద బాగా దెబ్బతిని ఉంది, కానీ చావలేదు. తొంభై దాటిన రాహుల శ్రీభద్రుడు డెబ్బై మంది దాకా విద్యార్థులకు పాఠం చెబుతున్నాడు. దగ్గర్లోని ఉద్దండపురంలో (ఇప్పటి బీహార్ షరీఫ్) తురుష్క, అంటే తుర్కీ, సైనికులున్నారు. వాళ్లు వస్తున్నారని కబురొస్తే అందరూ పారిపోయారు. ధర్మస్వామి ఒక్కడే ఆగి, ముసలి గురువును వీపున మోసుకుని వెళ్లి దాక్కున్నాడు. భక్తిలో తారానాథుడికి తీసిపోయేవాడేం కాదు, కానీ కళ్లారా చూసినవాడు. నలంద చివరి రోజుల గురించి అడిగితే నా ఓటు ఈయనకే. తురుష్క సేనాని బఖ్తియార్ ఖల్జీ దాడిని పారశీకంలో రాసిన చరిత్రకారుడు మిన్హాజ్ కూడా బీహార్ కోట అంటాడే తప్ప నలంద పేరెత్తడు.

ఇక కల్హణుడు. 1148-49లో రాసిన ఆయన పుస్తకంలోనే రెండు పుస్తకాలున్నాయి. ముందు తరంగాల్లో (అధ్యాయాల్లో) రణాదిత్యుడనే రాజు మూడొందల ఏళ్లు ఏలాడంటాడు! దాన్ని చరిత్రగా ఎవరు మింగుతారు? మొత్తం 7,800 పైచిలుకు శ్లోకాల్లో దాదాపు మూడింట రెండు వంతులు చివరి రెండు తరంగాలవే. అసలు సరుకు అక్కడుంది. కశ్మీర్ రాజు హర్షుడు (1089-1101, కనౌజ్ హర్షుడు కాదు) డబ్బు కోసం దేవతా విగ్రహాలను పెకలించడానికి ఏకంగా ఒక అధికారిని పెట్టాడు. ఆ పదవి పేరు దేవోత్పాటన నాయకుడు. కల్హణుడి తండ్రి చంపకుడు ఆ హర్షుడి కొలువులోనే పనిచేశాడు. అయినా కొడుకు దాచలేదు. పైగా ఆ రాజును తురుష్కుడన్నాడు. ఇంటి గుట్టు తెలిసినవాడి మాటకుండే బలం అది. అందుకే 11, 12 శతాబ్దాల కశ్మీర్‌కు ఆయన్ను మించినవాళ్లు లేరు.

మతాల లెక్క తేల్చాలనుకునేవాళ్లకు మాత్రం ధర్మస్వామి బోధ్‌గయ వర్ణన కాస్త చిక్కు. అక్కడ నలుగురు భిక్షువులే మిగిలారు. తురుష్కుల భయంతో ప్రధాన బుద్ధ విగ్రహానికి అడ్డంగా గోడ కట్టి, ముందు మరో విగ్రహం పెట్టారు. బౌద్ధేతరుల నుంచి కాపాడుకోవడానికి గుడి బయటి తలుపుకు పూత పూసి, దాని మీద మహేశ్వరుడి బొమ్మ గీశారు.