ఆసియా సమకాలీన కళ: గ్వాంగ్జూ మెరుగా, కొచ్చి మెరుగా?

ఆసియా సమకాలీన కళను, ఆసియా అస్తిత్వ చర్చను నగరమంతటి పండుగగా చూడాలనుకునేవారికి ముందుగా వినబడే పేర్లలో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూ బినాలే (రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన), కేరళలోని కొచ్చి-ముజిరిస్ బినాలే ఉంటాయి.

వయసులోనూ వనరుల్లోనూ గ్వాంగ్జూదే పైచేయి. 1980 మే నెలలో సైనిక పాలనను ఎదిరించి ఎందరో పౌరులను పోగొట్టుకున్న ఆ నగరం, ఆ స్మృతిని కళ ద్వారా నిలుపుకోవాలన్న తలంపుతో 1995లో ఈ ప్రదర్శనను ఆరంభించింది. 2012లో ముంబైకి చెందిన నాన్సీ అదజానియా సహా ఆరుగురు ఆసియా మహిళలకు ఉమ్మడిగా కళాదర్శకత్వం అప్పగించడం మెచ్చుకోదగిన నిర్ణయం. అయితే 2014లో ఇరవయ్యేళ్ల వేడుకగా పెట్టిన ప్రత్యేక ప్రదర్శన కోసం చిత్రకారుడు హోంగ్ సంగ్-దామ్ వేసిన చిత్రంలో అప్పటి దేశాధ్యక్షురాలు పార్క్ గున్-హే దిష్టిబొమ్మలా కనిపించారని నగర అధికారులు అభ్యంతరపెట్టడంతో, ఆ చిత్రం అక్కడ గోడకెక్కలేదు. పౌరుల తిరుగుబాటును స్మరించేందుకు పుట్టిన వేదికపై ఇలా జరగడాన్ని చిన్న విషయంగా తీసుకోలేము.

కొచ్చి బినాలేకు 2012 డిసెంబరు 12న శ్రీకారం చుట్టినవారు బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కళాకారులు. ఫోర్ట్ కొచ్చిలో ఒకప్పుడు మిరియాలు, కొబ్బరినూనె ఎగుమతి చేసిన యాస్పిన్‌వాల్ హౌస్ గోదాములే చాలాకాలం ఇక్కడి ముఖ్య ప్రదర్శనశాలలుగా ఉన్నాయి. 2016లో చిలీ కవి రౌల్ జురీటా అలాంటి ఒక గోదామును నీటితో నింపారు. సముద్రంలో మునిగిపోయిన సిరియా శరణార్థి బాలుడు గాలిప్ కుర్దీకి అంకితమిచ్చిన ఆ కృతిని చూడాలంటే, ప్రేక్షకులు ఆ నీళ్లలో దిగి నడుస్తూ అవతలి గోడ మీది కవిత దాకా చేరుకోవాలి. ఓడల వర్తకంతో బతికిన ఆ గోడల మధ్య ఆ నీటికి వచ్చిన బరువు, ప్రదర్శన కోసమే కట్టిన భవనంలో వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

ఏర్పాట్ల విషయంలో కొచ్చిని సమర్థించడం కష్టం. 2022లో పనులు పూర్తికాక ప్రారంభం డిసెంబరు 23కు వాయిదా పడింది. నిర్వహణ లోపాలపై పాల్గొన్న కళాకారులే బహిరంగ లేఖ రాశారు. సొంత భవనం, నిలకడైన నిధులు ఉన్న వేదికను కోరుకునే కళాకారులకు గ్వాంగ్జూయే మేలు.

ప్రేక్షకులకు మాత్రం కొచ్చినే సూచిస్తాను. దేశం నలుమూలల కళాశాలల విద్యార్థుల పనిని చూపే స్టూడెంట్స్ బినాలే దానికి అనుబంధంగా నడుస్తోంది గనుక, తెలుగు రాష్ట్రాల్లో చిత్రకళ, శిల్పం చదువుతున్నవారు అక్కడికి చూడటానికే కాక, తమ కృతులను చూపడానికి కూడా వెళ్లే వీలుంది.