అమ్మ జనధన్ ఖాతా: పదకొండేళ్లు వాడాక నా మాట

మాది ఉద్దానం, పలాసకి దగ్గరలో ఒక పల్లె. 2014 ఆగస్టులో జనధన్ మొదలైంది కదా, ఆ ఏడే అమ్మకి జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచాం. అప్పటికి తనకి 46 ఏళ్లు, డ్వాక్రా గ్రూపు ఖాతా తప్ప సొంత పేరుమీద ఏదీ లేదు, ఉన్న నాలుగు డబ్బులూ బియ్యం డబ్బాలోనే. పాస్‌బుక్ మీద తన ఫొటో చూసుకుని ఆ రోజంతా కొంగులోనే పెట్టుకుని తిరిగింది.

ఖాతా వల్ల మేలు జరిగింది, అందులో అనుమానం లేదు. ఉపాధి పని కూలి నేరుగా పడుతుంది, 2020 లాక్‌డౌన్‌లో జీడి పని ఆగిపోయినప్పుడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆడవాళ్ల జనధన్ ఖాతాల్లో నెలకి 500 వేశారు, ఆ డబ్బులే మాకు కిరాణా.

కష్టమంతా డబ్బు తీసుకునే దగ్గరే. అమ్మ ఇరవై ఏళ్లుగా జీడిపిక్కలు కొడుతుంది, చేతులకి బూడిద రాసుకున్నా ఆ జీడి అంటుకుని వేళ్ల చివర్లు కమిలి, తోలు ఊడి, గీతలే కనపడవు. మినీ బ్యాంకులో (బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బులిచ్చే చిన్న సెంటర్) మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది తప్ప వేలిముద్ర పడదు. నాలుగైదు సార్లు తుడుచుకుని, నూనె రాసుకుని మళ్లీ పెట్టేది. "నా డబ్బులకి నా ఏలే పనికిరాదేటి బాబూ" అని ఒకసారి అంటే నాకు ఏం చెప్పాలో తెలీలేదు.

మూడేళ్ల క్రితం ఇంకో దెబ్బ. అప్పట్లో వెళ్లే మినీ బ్యాంకు అతను "వేలు పడలేదమ్మా, రేపు రా" అని పంపేశాడు, స్లిప్పు ఇవ్వలేదు. రెండు వారాల తర్వాత పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే అదే రోజు 2,000 కట్ అయి ఉంది. అంటే ఆవిడ ఎనిమిది రోజుల కూలి. బ్రాంచికి మూడుసార్లు తిరిగి రాసిచ్చాక డబ్బులు తిరిగొచ్చాయి గానీ ఆటో ఛార్జీలు, పోయిన పని దినాలు ఎవరిస్తారు? అందుకే అందరికీ చెప్తున్నా, వేలు పడినా పడకపోయినా స్లిప్పు అడగండి. డబ్బు చేతికి రాకుండా ఖాతాలో కట్ అయితే 5 రోజుల్లో తిరిగి వెయ్యాలి, దాటితే రోజుకి 100 చొప్పున కలిపి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు 2019 నుంచి ఉంది, ఈ మాట కౌంటర్ దగ్గర గట్టిగా అనండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా తెలుసుకోండి. ఏడాదికి 20 రూపాయలకి 2 లక్షల ప్రమాద బీమా, 436కి 2 లక్షల జీవిత బీమా, మే నెలాఖరుకి ఖాతాలో డబ్బులుంటే వాళ్లే కట్ చేసుకుంటారు, లేకపోతే పాలసీ ఆగిపోతుంది. జీవిత బీమాలో 50 లోపు చేరాలి, 55 దాకానే ఉంటుంది, అమ్మకి ఆ వయసు దాటిపోయింది కాబట్టి ఇప్పుడు 20దే నడుస్తుంది. ఖాతాతో ఇచ్చే రూపే ఏటీఎం కార్డు మీద వేరే ప్రమాద బీమా ఉంది గానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో కార్డు వాడి ఉండాలి. మా వీధిలో సగం కార్డులు ట్రంకుపెట్టెల్లోనే ఉన్నాయి, అది చూస్తే నాకు బాధేస్తుంది. 10,000 ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు, మాత్రం రెండుసార్లు అడిగాం, ఇవ్వలేదు, కారణం కూడా చెప్పలేదు.

ఇప్పుడు మా ఊళ్లోనే డ్వాక్రాలో ఉన్న ఒక అక్క మినీ బ్యాంకు నడుపుతుంది, మా ఇంటికి నాలుగిళ్ల అవతల. మధ్యాహ్నానికి క్యాష్ అయిపోతుంది, అదొక్కటే లోటు. తను ఓపిగ్గా పది వేళ్లూ పెట్టించి చూసి, ఎడమ చేతి ఉంగరం వేలు పడుతుందని కనిపెట్టింది. అమ్మ ఇప్పుడు పిక్కలు కొట్టేటప్పుడు ఆ ఒక్క వేలికి గుడ్డ పీలిక చుట్టుకుంటుంది.