పాత ఫోర్ బై ఫోర్‌తో కొత్త దేశానికి: నడిపించి ఓడెక్కించే రోరోనా, కంటైనరా?

పాత బండి మీద ఎంత మమకారమున్నా, దాన్ని కొత్త దేశంలోకి రానిస్తారో లేదో చాలాచోట్ల తేల్చేది ఇంజిన్ కండిషన్ కాదు, బండి పుట్టిన తేదీ. అమెరికాలోనైతే, తయారీ జరిగి 25 ఏళ్లు నిండిన బండికి ఫెడరల్ సేఫ్టీ ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. పొగ నిబంధనలకైతే 21 ఏళ్లు చాలు, కాకపోతే ఇంజిన్ ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉండాలి. కెనడాలో 15 ఏళ్లకే దారి దొరుకుతుంది. లెక్కపెట్టేది తయారైన నెల నుంచి. రిజిస్ట్రేషన్ పత్రంలో చాలాసార్లు కనిపించేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ మాత్రమే. అందుకే తయారీ సంస్థ నుంచి ఉత్పత్తి తేదీ ధ్రువపత్రం తెప్పించుకోవడం మొదటి పని. ఒక్క నెల తక్కువైనా బండి రేవులో ఇరుక్కుంటుంది.

యూరోపియన్ యూనియన్‌లో పన్ను మినహాయింపుకి బండి వయసు అడగరు, నివాసం నిజంగా మారుతోందా అని చూస్తారు. బయట కనీసం 12 నెలలు కాపురముండాలి, బండిని కనీసం 6 నెలలు సొంతానికి వాడి ఉండాలి, దిగాక 12 నెలలు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. బ్రిటన్ పద్ధతీ దాదాపు ఇంతే. అక్కడ దిగిన 14 రోజుల్లో పన్ను శాఖకు 'నోవా', అంటే బండి వచ్చిందని తెలిపే వివరాలు ఇవ్వాలి. టూర్లకు వాడే కార్నే మీద దిగి అక్కడే స్థిరపడదామనుకుంటే కుదరదు. అది తిరిగి తీసుకెళ్తామని ఇచ్చే హామీ పత్రం.

అందరిలోకీ ఆస్ట్రేలియా గట్టిది. ఓడ ఎక్కించకముందే దిగుమతి అనుమతి చేతిలో ఉండాలి. 2003 డిసెంబరు 31 నుంచి అక్కడ ఆస్‌బెస్టాస్ పూర్తిగా నిషేధం. పాత బండ్ల బ్రేక్ ప్యాడ్లు, షూలు, క్లచ్ ప్లేటు, ఎగ్జాస్ట్ గాస్కెట్లలో అది ఉండే అవకాశం ఎక్కువ. పెట్టె మీద 'ఆస్‌బెస్టాస్ లేదు' అని రాసి ఉన్నంత మాత్రాన కస్టమ్స్ నమ్మదు, ల్యాబ్ రిపోర్టు అడగొచ్చు. అదే మోడల్ కొత్త దేశంలో తేలిగ్గా దొరికేటట్టయితే, ఈ తంటాలన్నీ పడేకంటే ఉన్నచోట అమ్మి అక్కడ కొనుక్కోవడమే మేలు.

తీసుకెళ్లాలనే నిర్ణయిస్తే ముందు ఛాసిస్ నంబరు చూడండి. ల్యాండ్ క్రూయిజర్లోనూ డిఫెండర్లోనూ అది ముందు కుడి చక్రం దగ్గర ఛాసిస్ పట్టీ మీద కొట్టి ఉంటుంది. తుప్పు, అండర్‌కోటింగ్ (బండి అడుగున వేసే పూత) కింద కనబడకపోతే కిరోసిన్‌తో నానబెట్టి చేతి వైర్ బ్రష్‌తో మెల్లగా రుద్దాలి. గ్రైండర్ పెట్టారా, అంకెలు అరిగిపోయి దిద్దిన నంబరులా కనబడతాయి. ఛాసిస్ మార్చిన డిఫెండర్లతో పేచీ ఇక్కడే: కొత్త గాల్వనైజ్డ్ ఛాసిస్ మీద నంబరు ఉండకపోవచ్చు. మార్చిన బిల్లు, పాత నంబరు ఫోటో లేకపోతే క్లియరెన్స్ ఆగుతుంది.

రోరో అంటే బండిని నడిపించి ఓడలోకి ఎక్కించడం. ఛార్జీ సాధారణంగా పొడుగు, వెడల్పు, ఎత్తుల ఘనపరిమాణం మీద. 4.8 మీటర్ల పొడుగు, 1.9 వెడల్పు, 1.9 ఎత్తున్న బండి 17.3 ఘనమీటర్లు, రూఫ్ ర్యాక్, టెంటుతో ఎత్తు 2.3 అయితే దాదాపు 21. పైసామాను విప్పితే అక్కడే మిగులు. కానీ తాళంచెవి రేవు సిబ్బంది చేతుల్లో ఉంటుంది, లోపల సొంత సామాను చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా టూల్ బాక్సు, స్టీరియో మాయమయ్యే ప్రమాదముంది. బ్యాటరీ నీరసంగా ఉన్న బండికి రోరో అసలు పనికిరాదు. దారిలో ఇంకో ఓడకు మార్చే రూటైతే ఎక్కించి దించడం రెట్టింపు. నేరుగా వెళ్లే ఓడకు కాస్త ఎక్కువ ఇచ్చినా దండగ కాదు.

పాత బండికి నా ఓటు కంటైనర్‌కే. 20 అడుగుల పెట్టె లోపలి పొడుగు 5.9 మీటర్లు, వెడల్పు 2.35, తలుపు ఎత్తు 2.28. డిఫెండర్ 110 ఎత్తే రెండు మీటర్లు దాటుతుంది కాబట్టి ర్యాక్ దింపక తప్పకపోవచ్చు. కొద్దిపాటి తేడాయే అయితే టైర్లలో గాలి తగ్గించినా సరిపోతుంది. ల్యాండ్ క్రూయిజర్ 80 వెడల్పు 1.93 మీటర్లు, అంటే పక్కకు జానెడు చోటు. డోరు తెరుచుకోదు. లోపల పెట్టాక డ్రైవరు కిటికీలోంచో వెనక తలుపులోంచో బయటికి రావాలి, కాబట్టి అద్దం దించి, వెనక సీటు మడిచి ఉంచాలి. స్ట్రాపులు చక్రాలకో యాక్సిల్‌కో కట్టాలి. ఛాసిస్‌కి కడితే ఓడ ఊగినప్పుడు స్ప్రింగులు నొక్కుకుని స్ట్రాపులు వదులవుతాయి. చక్రాల కింద చెక్క దిమ్మెలకు ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే పురుగు లేకుండా శుద్ధి చేసిన చెక్క అనే గుర్తు, ఉండాలి. గ్యాస్ సిలిండరు తీసెయ్యాలి, బ్యాటరీ తీగ విప్పాలి, ట్యాంకులో ఇంధనం పావు వంతు లోపే ఉంచాలి.

మట్టి విషయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తనిఖీలు కఠినం. బండిని పైపైన కడిగితే చాలదు. స్కిడ్ ప్లేట్లు (అడుగున ఉండే రక్షణ రేకులు) విప్పి, ఛాసిస్ పెట్టె పట్టీల రంధ్రాల్లోంచి నీళ్లు కొట్టి, శుభ్రమైన నీళ్లు కారేదాకా వదలాలి. రేడియేటర్ రెక్కల్లో గడ్డి విత్తనాలు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, కార్పెట్ కింద, స్టెప్నీ వెనకవైపు ఎక్కువగా మర్చిపోయే చోట్లు. దొరికితే అక్కడే మళ్లీ కడిగించి బిల్లు మీకే వేస్తారు. సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 మధ్య, కంపు నల్లి (స్టింక్ బగ్ అనే పురుగు) ఉన్న దేశాల నుంచి ఆస్ట్రేలియాకు ఓడెక్కే బండికి పొగబెట్టడమో వేడిచెయ్యడమో తప్పనిసరి. ఈ నెలలు తప్పిస్తే ఖర్చూ తగ్గుతుంది, తిప్పలూ తగ్గుతాయి.

కొటేషన్లు పోల్చేటప్పుడు ఓడ ఛార్జీ ఒక్కటీ చూడకండి. దిగిన రేవులో టెర్మినల్ ఛార్జీ, ఎక్స్‌రే, తనిఖీ, కంటైనర్ విప్పే కూలి, ఏజెంట్ ఫీజు విడివిడిగా రాయించుకోండి. ఉచిత రోజులు దాటితే డెమరేజ్, అంటే రేవులో ఉంచినందుకు పడే రుసుము, రోజురోజుకీ పెరుగుతుంది. రేవు ఊరిలో బస మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోవాలి. ఓడలు వారం అటూ ఇటూ అవుతుంటాయి. హోటల్ పార్కింగ్ ఎత్తు పరిమితి ఎంతో కూడా అడగండి. కింది అంతస్తు పార్కింగుల్లో 2 మీటర్ల దగ్గరే అడ్డుకడ్డీ ఉండేవి ఎక్కువ.

కస్టమ్స్ వదిలినా రిజిస్ట్రేషన్ వేరే గండం. ఎడమ పక్క నడిచే దేశం నుంచి కుడి పక్క నడిచే దేశానికి వెళ్తే హెడ్‌లైట్ యూనిట్లే మార్చాలి, లేకపోతే వెలుగు ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. ఐరోపాలో వెనక ఎర్ర ఫాగ్ లైటు మధ్యలోగానీ రోడ్డు మధ్య వైపుగానీ ఉండాలి. లండన్ యులెజ్‌లో (ఉద్గార నియంత్రణ ప్రాంతంలో) యూరో 6 పొగ ప్రమాణానికి సరిపోని డీజిల్ బండికి రోజువారీ రుసుము, 40 ఏళ్లు దాటిన హిస్టారిక్ బండ్లకు మినహాయింపు. జర్మనీలో 30 ఏళ్లు నిండి అసలు రూపంలో ఉన్న బండికి హెచ్ ప్లేటు (హిస్టారిక్ నంబరు ప్లేటు) ఇస్తారు, దానితో ఉద్గార నియంత్రణ ప్రాంతాల్లోకి వెళ్లొచ్చు. అలాంటి చోటికి వెళ్తున్నట్టయితే ఎత్తు పెంచిన స్ప్రింగులు, పెద్ద టైర్లు వేసుకున్నవాళ్లు అసలు భాగాలను పారెయ్యకుండా అదే పెట్టెలో, సామాను జాబితాలో రాసి తీసుకెళ్లడం మంచిది.