టెంప్లేట్లకి ఏ చెక్క నిలబడింది: కాలువ గట్టు షెడ్డులో ఏడు వానాకాలాల తర్వాత

రాజోలు దగ్గర మా షెడ్డు కాలువ గట్టునే ఉంది. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాను. ఒకే వంపు పదిసార్లు కోయాలంటే రూటర్ (తిరిగే బిట్‌తో చెక్క కోసే మిషన్) కింద టెంప్లేట్, అంటే ఆ వంపు ఆకారంలో కోసిన అచ్చు పలక, ఉండాల్సిందే. బిట్‌కున్న బేరింగ్ ఆ పలక అంచుని ఆనుకుని తిరుగుతూ వంపుని చెక్క మీదకి దించుతుంది. ఈ ఏడేళ్లలో దానికి నాలుగైదు రకాల సరుకు వాడి చూశాను.

మొదట్లో అన్నీ 12 ఎంఎం ఎండీఎఫ్‌తోనే (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) చేశాను. చవక, ఎటు కోసినా అంచు నున్నగా వస్తుంది, ఉప్పు కాగితం నాలుగుసార్లు తిప్పితే వంపు కుదురుతుంది. కానీ దేవుడి గది తలుపుకి చేసిన ఆర్చి టెంప్లేట్‌ని శ్రావణమాసమంతా గోడకి ఆనించి ఉంచాను. నేల తడి పీల్చి కింది మూల ఉబ్బింది, అంచు మెత్తబడింది. బేరింగ్ ఆ మెత్తదనంలోకి దిగి, వంపు మొదలయ్యే చోట కోత లోపలికి వెళ్లిపోయింది. రెక్కలు దగ్గర పెట్టి చూసి మా కుర్రాడు, "బాబాయ్, కలవట్లేదు" అన్నాడు. మంచి టేకు పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత 710 గ్రేడు (నీటికి తట్టుకునే మెరైన్) ప్లైవుడ్‌కి మారాను. ఆ నంబరు ఉంటే జిగురు నీటికి ఊడదు. అయినా లోపలి పొరల్లో సందులు ఉండొచ్చు. బేరింగ్ ఆ సందులో పడితే అక్కడ పని చెడుతుంది. అందుకే కోశాక అంచంతా వేలితో తడిమి, గుంత ఉన్నచోట ఎపాక్సీ నింపి ఆకురాయి పడతాను. జిగ్గుల (చెక్కని పట్టి ఉంచి కోతకి దారి చూపే అమరికల) అడుగు పలకలకి మాత్రం ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

నా మనసుకి నచ్చింది హైలం షీటు. చెరువుల మోటార్ల పుణ్యమా అని మా వైపు వైండింగ్ షాపులకి కొదవ లేదు, అక్కడ ముక్కలు దొరుకుతాయి. కాగితమో గుడ్డో రెజిన్‌తో కలిపి వేడి మీద నొక్కి చేసిన పలక అది. వానకి ఉబ్బదు, బేరింగ్ నొక్కినా గుంత పడదు. గట్టిది కాబట్టి నేరుగా వంపు తీయడం కష్టం. ముందు ఎండీఎఫ్ మీద ఆకారం కుదుర్చుకుని, అదే రోజు కార్బైడ్ బిట్‌తో 6 ఎంఎం హైలం మీదకి దించుకుంటాను. దుమ్ము ఘాటుగా ఉంటుంది, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. చెడిన దాని బదులు అలా హైలంతో చేసిన ఆర్చి టెంప్లేట్‌తో ఇప్పటికీ తలుపులు కోస్తున్నాను.

గాజులా ఉండే యాక్రిలిక్ పలకలోంచి కింది చెక్క చార కనిపిస్తుంది, అదొక్కటే లాభం. మర మేకుని కాస్త బిగిస్తే చీలింది.

అసలు చెక్క విషయానికొస్తే, టేబుల్ రంపం గాడిలో జారుతూ జిగ్గుని తిన్నగా నడిపే పట్టీని మే నెలలో టేకుతో సరిగ్గా పట్టేలా చేశాను. జులైకి బిగుసుకుపోయింది. చిత్రిక పట్టి పలచన చేస్తే, మళ్లీ ఎండాకాలానికి వదులై కోత వంకర పోయింది. కిటికీల షాపులో మిగిలిన అల్యూమినియం పట్టీ తెచ్చి వేశాను. రోహిణి కార్తెలోనూ, ముసురు పట్టినప్పుడూ ఇప్పుడు ఒకేలా జారుతోంది.