130 సిస్టమ్‌లు, నాలుగేళ్ల డెబియన్

2021 చివర్లో మా సంస్థలోని 130 సిస్టమ్‌లకు డెబియన్ 11 వేశాం. డెబియన్ అంటే లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్. అప్పటికి ఆ వెర్షన్ వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. తర్వాత 12కి మారాం, ఇప్పుడు 13కి మారుతున్నాం. అంటే ఒకే పనిని మూడుసార్లు చేశాను, ప్రతిసారీ కొత్త తప్పులు చేశాను. నా ఫిర్యాదుల్లో డెబియన్ వాటా తక్కువే. దానికి నేను తొడిగిన వేషాల వాటా ఎక్కువ.

మొదటిసారి తేలిక దారి పట్టాం. ఒక సిస్టమ్‌ను అన్ని హంగులతో సిద్ధం చేసి, డిస్కులను నకలు చేసే క్లోన్‌జిల్లాతో ఇమేజ్ (మొత్తం డిస్కు నకలు) తీసి, మిగతావాటి మీద అచ్చు గుద్దేశాం. వారంలో పని అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. ఒక్కో సిస్టమ్‌కు విడిగా ఉండాల్సిన మెషిన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఇంకో సిస్టమ్‌లోకి వెళ్లే పద్ధతి) సిస్టమ్‌ను గుర్తుపట్టే హోస్ట్ కీలు కూడా 130 చోట్లా ఒకటే అయిపోయాయని రెండు నెలలకు గానీ తెలియలేదు. నేను కనెక్ట్ అయింది ఆ సిస్టమ్‌కేనా, దాని కవలకా అన్నది ఎస్‌ఎస్‌హెచ్ ఇక తేల్చలేదు. ఇమేజ్ తీసేముందు మెషిన్ ఐడీ ఫైలును ఖాళీ చేయాలి, హోస్ట్ కీలు తీసేసి ప్రతి సిస్టమ్‌లో మళ్లీ పుట్టించాలి. ఇదంతా చేసినా ఇమేజ్‌తో ఇంకో చిక్కు ఉంది. తీసిన మర్నాటి నుంచే పాతబడుతుంది. ఆరు నెలల తర్వాత కొత్త సిస్టమ్ వస్తే, దానికి ఇమేజ్ వేసే సమయం కంటే అప్‌డేట్లు దిగే సమయమే ఎక్కువ.

అందుకే 2023లో 12కి మారేటప్పుడు ప్రీసీడ్ పట్టుకున్నాను. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ముందే రాసిపెట్టే టెక్స్ట్ ఫైలు అది. సిస్టమ్ నెట్‌వర్క్ నుంచి బూట్ అవుతుంది, ఆ ఫైలు తెచ్చుకుంటుంది, తన పని తాను చేసుకుంటుంది. చెప్పినంత సులువు కాదనుకోండి. భాష, కీబోర్డు ప్రశ్నలు నెట్‌వర్క్ రాకముందే అడుగుతుంది కాబట్టి ఫైల్లో రాసిన జవాబులు వాటికి అందవు. బూట్ లైన్లో ఆటో అని, ప్రయారిటీ క్రిటికల్ అని ఇస్తే ఆ ప్రశ్నలు ఫైలు వచ్చేదాకా ఆగుతాయి. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక రోజంతా పట్టింది. ల్యాప్‌టాప్‌లకు మాత్రం పెన్‌డ్రైవ్‌తోనే వేశాం. 12 నుంచి అధికారిక ఇన్‌స్టాల్ ఇమేజ్‌లలోనే ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి భాగాలు నడవడానికి కావాల్సిన ఫైళ్లు) ఇస్తున్నారు కాబట్టి, వైఫై కోసం వేరే ఫైళ్లు వెతుక్కునే పాత బాధ తప్పింది.

నాలుగేళ్లలో నన్ను నిజంగా భయపెట్టిన సంఘటన ఈ ప్రీసీడ్ దగ్గరే జరిగింది. ఫైల్లో డిస్కు పేరు ఎస్‌డీఏ అని రాశాను. మా పాత సిస్టమ్‌లన్నిటిలో ఉన్న ఒకే ఒక డిస్కు అదే. డిజైన్ విభాగంలో ఒక కొత్త సిస్టమ్‌కు రెండు డిస్కులున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది ఎన్‌వీఎంఈ రకం డిస్కులో, పని ఫైళ్లు ఉన్నది సాటా రకం డిస్కులో. లినక్స్ దృష్టిలో ఆ రెండోదే ఎస్‌డీఏ. 'డిస్కు చెరిపేయమంటారా' అన్న ప్రశ్నకు కూడా 'అవును' అని నేనే ముందుగా రాసిపెట్టాను కదా, అది మారు మాట లేకుండా చెరిపేసింది. ముందు రాత్రి తీసిన బ్యాకప్ ఉండబట్టి ఒక పూట పనితో పోయింది. ఆ పూట పని చేసినావిడ నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. ఇప్పుడు పార్టిషన్ మొదలయ్యే ముందు చిన్న స్క్రిప్టు నడుస్తుంది. డిస్కు ఒకటే ఉంటే ముందుకు వెళ్తుంది, రెండో డిస్కు కనబడితే ఆగి మనిషిని పిలుస్తుంది. నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే సిస్టమ్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే దాన్నీ ఇది పట్టుకుంటుంది, ఎందుకంటే అది కూడా ఎస్‌డీఏ కావచ్చు.

ఇక మార్పుచేర్పుల సంగతి. మొదట్లో నాకు ఉత్సాహం ఎక్కువ. వాల్‌పేపర్, ఐకాన్లు, మెనూ, కింద బార్, అన్నీ ఈటీసీలోని స్కెల్ ఫోల్డర్‌లో పెట్టాను. అందులో పెట్టినవి కొత్త యూజర్ పుట్టినప్పుడు ఒక్కసారే కాపీ అవుతాయి. మూడు నెలల తర్వాత అక్కడ ఏం మార్చినా పాతవాళ్లకు చేరదు. మేం వాడే డెస్క్‌టాప్ గ్నోమ్. అందులో దీనికి సరైన చోటు డీకాన్ఫ్, అంటే సెట్టింగులు దాచే వ్యవస్థ. అందులో సిస్టమ్ మొత్తానికి డిఫాల్ట్ విలువలు రాస్తే, తమంతట తాము మార్చుకోని అందరికీ అవి వర్తిస్తాయి. ఎవరూ మార్చకూడదనుకున్న దాన్ని లాక్స్ ఫోల్డర్‌లో పేరు రాసి బిగించవచ్చు. చివర్లో డీకాన్ఫ్ అప్‌డేట్ కమాండ్ ఇవ్వడం మరిచిపోతే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు.

మొదటి ఏడాది 41 సెట్టింగులు బిగించాను. అక్షరాల సైజు కూడా వాటిలో ఉంది, సిగ్గుగానే చెబుతున్నాను. రిటైర్‌మెంట్‌కు దగ్గర్లో ఉన్న ఒక సార్ వచ్చి, "ఏమయ్యా, అక్షరాలు పెద్దవి చేసుకుందామంటే ఆ బటన్ కదలదేంటి?" అని అడిగారు. ఆయన కళ్లజోడు కేసి చూశాక నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బిగించినవి మూడే: స్క్రీన్ దానంతటది లాక్ అవడం, అది ఎన్ని నిమిషాలకు అవ్వాలన్నది, పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోది తనంతట తాను నడవకపోవడం.

గ్నోమ్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములైన ఎక్స్‌టెన్షన్ల పాఠం ఇంకా ఖరీదైనది. సహాయం కోరడానికి పై బార్‌లో ఒక బటన్ ఉంటే బాగుంటుందని నేనే ఒకటి రాశాను. డెబియన్ 12లో ఉన్నది గ్నోమ్ 43, 13లో ఉన్నది 48. మధ్యలో 45 దగ్గర ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది, పాతవేవీ తిరగరాయకుండా నడవవు. డెబియన్ ప్యాకేజీలుగా వచ్చే ఎక్స్‌టెన్షన్లు గ్నోమ్‌తో పాటు సరైన వెర్షన్‌కు మారాయి. నా బటన్ చచ్చిపోయింది. మళ్లీ రాయలేదు. డెస్క్‌టాప్ మీద ఒక లింకు పెట్టాను, అంతే.

నేను పడ్డ శ్రమతో పోలిస్తే అన్నిటికంటే ఎక్కువ మందిని సంతోషపెట్టింది రెండు ఫాంట్ ప్యాకేజీలు. "బాబూ, బయట నుంచి వచ్చిన లెటర్లన్నీ రెండో పేజీలోకి జారిపోతున్నాయి" అని అకౌంట్స్ మేడమ్ రోజూ ఫోన్ చేసేవారు. ఆ ఫైళ్లు కాలిబ్రీ, కాంబ్రియా ఫాంట్లలో రాసినవి. వాటితో కొలతలు సరిగ్గా కలిసే కార్లిటో, కలడియా వేయగానే లైన్లు వాటి చోట్లకు వచ్చేశాయి. ఆ ఫోన్లు ఆగాయి.

ఇన్‌స్టాల్ అయ్యాక సంరక్షణంతా యాన్సిబుల్‌తో. చాలా సిస్టమ్‌లకు ఒకే సెట్టింగులు వేసే సాధనం అది. మొదట నా సిస్టమ్ నుంచి అందరికీ పంపేవాణ్ణి. రాత్రి ఆఫ్ చేసినవి, ఇంటికి తీసుకెళ్లినవి ఎప్పుడూ మిగిలిపోయేవి. ఇప్పుడు ప్రతి సిస్టమే యాన్సిబుల్ పుల్‌తో గిట్ (ఫైళ్ల వెర్షన్లు దాచే చోటు) నుంచి సెట్టింగులు తెచ్చుకుంటుంది. అన్నీ ఒక్కసారి మీద పడకుండా టైమర్‌లో కొంత ఆలస్యం కలిపాను. భద్రతా అప్‌డేట్లు అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ప్రోగ్రాము చూసుకుంటుంది. అయితే అది తనంతట తాను రీబూట్ చేయదు, కాబట్టి కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) డిస్కులో ఉన్నా నడిచేది పాతదే. స్క్రీన్ లాక్ చేసి ఇంటికి వెళ్లడమే అలవాటైన వాళ్ల సిస్టమ్‌లు 70, 80 రోజులు ఆగకుండా నడుస్తూ కనిపించాయి. నోటిఫికేషన్ పెట్టి చూశాను, ఎవరూ చదవలేదు. చివరికి నెలకోసారి ఆదివారం రీబూట్ అయ్యేలా పెట్టాను.

లాగిన్ ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే ప్రోగ్రాము ద్వారా యాక్టివ్ డైరెక్టరీతోనే (మైక్రోసాఫ్ట్ యూజర్ల జాబితా), గొడవ లేదు. ఒకే ఒక్క సిస్టమ్ మాత్రం అప్పుడప్పుడు ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు. గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి దాని గడియారం వెనక్కి వెళ్లేది. గడియారాల మధ్య ఐదు నిమిషాలు దాటితే, లాగిన్‌ను సరిచూసే కెర్బెరాస్ ఒప్పుకోదు. ప్రింటర్లలో కొత్తవి డ్రైవర్ లేకుండానే పనిచేశాయి, పాతవాటిలో రెండిటిని వదిలేసుకున్నాం.

13లో మమ్మల్ని ఇబ్బంది పెట్టింది తాత్కాలిక ఫైళ్లు ఉండే టీఎంపీ ఫోల్డర్. అది ఇప్పుడు డిఫాల్ట్‌గా డిస్కులో కాదు, ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా వాడుకుంటుంది. 4 జీబీ ఉన్న పాత సిస్టమ్‌లో పెద్ద ఫైలు స్కాన్ చేస్తే చోటు చాలక ఆగిపోయేది. అలాంటి వాటిలో ఆ మార్పును వెనక్కి తిప్పాను. 32 బిట్ సిస్టమ్‌లు మూడుంటే వాటికి 13 ఇన్‌స్టాలరే లేదు, తీసేశాం.

ఈ 130 కాక, విండోస్ మీద తప్ప నడవని ఒక సాఫ్ట్‌వేర్ కోసం ఆరు సిస్టమ్‌లు మొదటి నుంచీ విండోస్‌తోనే ఉన్నాయి. వాటిని మార్చాలన్న పట్టుదల వదిలేశాను. మిగతావాటిలో 88 ఇప్పటికి 13కి మారాయి. 12కి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల) మద్దతు 2028 జూన్ దాకా ఉంది కాబట్టి, మిగిలినవి విభాగం తర్వాత విభాగంగా, వాళ్ల పనికి అడ్డు రాని రోజుల్లో చేస్తున్నాం. డిజైన్ విభాగాన్ని చివరికి ఉంచాను.