రిప్పర్ స్ట్రీట్: 37 ఎపిసోడ్లూ రెండోసారి చూశాక

ఈ బ్రిటిష్ టీవీ సీరియల్ పేరు చూసి జాక్ ది రిప్పర్ అనే హంతకుణ్ని పట్టుకునే కథ అనుకుంటే నిరాశ తప్పదు. కథ మొదలయ్యేది 1889లో. లండన్‌లోని వైట్‌చాపెల్ పేటలో రిప్పర్ చేసిన హత్యలు ఆగి అప్పటికి కొన్ని నెలలైంది. హంతకుడు దొరకలేదు, భయం పోలేదు. మొదటి ఎపిసోడ్‌లో ఒక గైడు డబ్బున్న వాళ్లను వెంటేసుకుని రిప్పర్ హత్యలు జరిగిన సందులు చూపిస్తుంటాడు. ఆ తిరుగుడులోనే వాళ్ల కాళ్ల ముందు కొత్త శవం కనబడుతుంది. పత్రికలవాళ్లకు అది రిప్పర్ పనే కావాలి. ఇన్‌స్పెక్టర్ రీడ్ ఒక్కడే ఆగి, శవాన్ని ఎవరో కావాలనే అలా కనబడేలా చేశారేమోనని చూస్తాడు. ఊరంతా ఒకే పేరు అరుస్తున్నప్పుడు సాక్ష్యం దగ్గర నిలబడే స్టేషన్ కథ ఇది. ఆ స్టేషన్ కథలో ఉన్నంతసేపూ దీనికి సాటి వచ్చే పోలీస్ సీరియల్ నాకు కనబడలేదు. స్టేషన్ దాటి బయటికి వెళ్లినప్పుడల్లా పట్టు సడలింది.

ఆ స్టేషన్ లెమన్ స్ట్రీట్‌లో ఉంటుంది, లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల్లో వైట్‌చాపెల్‌ని చూసే హెచ్ డివిజన్. రీడ్‌గా మాథ్యూ మక్‌ఫాడియన్, సార్జెంట్ డ్రేక్‌గా జెరోమ్ ఫ్లిన్, శవపరీక్ష చేసే అమెరికన్ డాక్టర్ జాక్సన్‌గా ఆడమ్ రాథెన్‌బర్గ్. ఆలోచన రీడ్‌ది, చెయ్యి చేసుకోవడం డ్రేక్ వంతు, శవం చేత మాట్లాడించడం జాక్సన్ పని. వీళ్లతో సమానంగా చూడాల్సిన మనిషి ఆర్థర్టన్, నటుడు డేవిడ్ విల్మాట్. మన స్టేషన్లలో రైటర్ ఎలాగో ఇతను అలాగ. ఎవరు వచ్చారు, ఎవరు లాకప్‌లో ఉన్నారు, బయట జనం ఏ మూడ్‌లో ఉన్నారు, అన్నీ ఇతని బల్ల దగ్గరే తెలుస్తాయి. రెండోసారి చూస్తున్నప్పుడు వెనకాల ఇతను చేసే పనిమీద ఒక కన్ను వేయండి. మాటలు తక్కువే అయినా స్టేషన్ నిజంగా నడుస్తున్నట్టు అనిపించేది ఇతని వల్లే.

చరిత్ర తెలిసినవాళ్లకు కొన్ని తేడాలు కొడతాయి. స్టేషన్‌లోనే జాక్సన్‌కి ఒక మార్చురీ, సీసాలు, సూక్ష్మదర్శిని ఇచ్చారు. 1888 నాటి హెచ్ డివిజన్‌కు ఉన్నది జార్జ్ బాగ్‌స్టర్ ఫిలిప్స్ అనే డివిజనల్ సర్జన్. పిలిచినప్పుడు వచ్చి చూసే ఊరి డాక్టరు లాంటివాడు. లండన్ పోలీసులకు సొంత ఫోరెన్సిక్ ల్యాబ్ వచ్చింది 1935లో, హెండన్‌లో. వేలిముద్రల విభాగం స్కాట్లాండ్ యార్డ్‌లో 1901లో పెట్టారు. దానికి నాలుగేళ్ల ముందే, 1897లో, మన కలకత్తాలో అలాంటి కార్యాలయం నడుస్తోంది. ఆ పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల శ్రమ ఉంది. ఇవి గుర్తుంచుకుని చూస్తే రీడ్ చేతిలో ఎంత తక్కువ సాధనాలున్నాయో అర్థమవుతుంది. మార్చురీ మాత్రం కల్పన అని ఒప్పుకుని ముందుకు పోవాలి. అది లేకపోతే కథే నడవదు.

కొన్నిచోట్ల కల్పన అనుకున్నది చరిత్రకు దగ్గరగానే ఉంటుంది. తొలి ఎపిసోడ్‌లో కదిలే బొమ్మలు తీసే కెమెరా చూసి 1889లో ఇదెక్కడిది అనుకుంటాం. లూయీ లె ప్రిన్స్ 1888 అక్టోబరులోనే లీడ్స్‌లో అలాంటి బొమ్మలు తీశాడు. రెండో సీజన్‌లో లండన్‌లోని లైమ్‌హౌస్ పేటలోకి వచ్చే కొత్త మత్తుమందు హెరాయిన్. దాన్ని 1874లోనే లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో తయారుచేశారు, మార్కెట్లోకి వచ్చింది మాత్రం 1898లో. రచయిత ఈ ఖాళీల్లో కథ అల్లడం నేర్చినవాడు.

నాకు బాగా నచ్చింది పరిధుల గొడవ. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో జనం వరసగా పడిపోతుంటారు, కలరా అని భయపడతారు. వైట్‌చాపెల్ రీడ్‌ది, పక్కనే ఉన్న సిటీ ఆఫ్ లండన్‌కి పోలీసులే వేరు. రోగానికి ఆ గీత తెలియదు కదా. రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌లో కిటికీలోంచి పడి ఇనుప కమ్ముల మీద గుచ్చుకున్న మనిషి లైమ్‌హౌస్‌కి చెందిన కె డివిజన్ సార్జెంట్. అతని పై అధికారి షైన్ వచ్చి, నా మనిషి, నా కేసు అంటాడు. షైన్‌గా జోసెఫ్ మాల్ నటన భయపెడుతుంది. గొంతు పెంచకుండానే గదిని ఆక్రమించేస్తాడు. ‘మా లిమిట్స్ కాదు, ఆ స్టేషన్‌కి వెళ్లండి’ అనే మాట విని తిరిగినవాళ్లెవరికైనా ఈ రెండూ వెంటనే అర్థమవుతాయి.

అన్నీ చూసే తీరిక లేకపోతే, మొదటి సీజన్ 1, 3, 6 ఎపిసోడ్లు చూడండి. ఆరోది 1889 రేవు కార్మికుల సమ్మె నేపథ్యంలో నడుస్తుంది. వాళ్లు అడిగింది గంటకు 6 పెన్నీలు. రెండో సీజన్‌లో మూడోది, అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో భాస్వరానికి దవడ కుళ్లిన ఆడవాళ్ల కోపం గురించి. మూడో సీజన్ ఆరో ఎపిసోడ్ దాదాపు అంతా స్టేషన్‌లోనే, ఒక హత్య, ఒక నిందితురాలు, ప్రశ్నలు. ఛేజింగులు, పేలుళ్లు లేకుండానే అంత బిగువు తెచ్చారు. మొత్తం సీరియల్‌లో నా లెక్కన ఇదే మొదటి స్థానం.

సీరియల్‌కు దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పాలంటే, తెర వెనక కొంత జరిగింది. 2013లో రెండో సీజన్‌కు ఎదురుగా మరో ఛానెల్‌లో రియాలిటీ షో పడింది, చూసేవాళ్లు తగ్గారు, ఆ డిసెంబరులో దీన్ని వేస్తున్న బీబీసీ ఆపేసింది. తర్వాత అమెజాన్ ముందుకొచ్చి నిలబెట్టింది. మూడో సీజన్ ఆ ఊపులో బలంగా వచ్చింది, 1894లో ఒక రైలు ప్రమాదంతో మొదలై చక్కగా ముగుస్తుంది. అక్కడ ఆపేసినా ఏ లోటూ ఉండదు. నాలుగో సీజన్ 1897కి దూకుతుంది. ఇక్కడినుంచి వారానికో కేసు వెనక్కి పోయి, ఒకే పెద్ద పగ ముందుకొస్తుంది. ఐదోదానికి వచ్చేసరికి రీడ్, జాక్సన్ పరారీలో ఉంటారు, స్టేషన్ షైన్ చేతిలో ఉంటుంది. నటన తగ్గలేదు. కానీ రీడ్ దాక్కుని తిరుగుతుంటే అడగడానికి సాక్షి లేడు, తెరవడానికి శవం లేదు. ఆరు ఎపిసోడ్లలో నాలుగు అలా బరువుగా గడుస్తాయి.

చూసేటప్పుడు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరిగా పెట్టుకోండి. మాటలు పాతకాలపు గ్రాంథికంలో, వాక్యం చివర క్రియ కోసం ఎదురుచూసేలా ఉంటాయి. డ్రేక్ యాస దానికి తోడు. రెండు ఎపిసోడ్లు గడిస్తే చెవి అలవాటు పడుతుంది. దీపాల వెలుగులో తీసిన దృశ్యాలు ఎక్కువ, పగటి వెలుతురు పడే గదిలో సగం నలుపే కనబడుతుంది. రాత్రి చూడండి. మూడో సీజన్‌కి అమెజాన్‌లో వచ్చిన రూపం బీబీసీలో వేసినదాని కంటే నిడివి ఎక్కువ, దొరికితే అదే చూడాలి. పిల్లల ముందు మాత్రం వద్దు. ఆడవాళ్ల శవాలను చూపించే తీరు మొదటి ఎపిసోడ్‌లో అవసరానికి మించి ఉంది, దాన్ని నేను సమర్థించను.

నిజ జీవితంలో కూడా ఎడ్మండ్ రీడ్ అనే పోలీసు ఉండేవాడు. 1887లో ఆబర్లీన్ అనే అధికారి తర్వాత హెచ్ డివిజన్ డిటెక్టివ్‌ల బాధ్యత తీసుకుని, 1896లో రిటైరయ్యాడు. బెలూన్‌లలో ఎగిరేవాడు. చివరి కాలంలో కెంట్ తీరాన హాంప్టన్-ఆన్-సీలో ఉండేవాడు, ఆ ఊరిని సముద్రం మింగేసింది. నాలుగో సీజన్ మొదట్లో రీడ్‌ని అక్కడే చూపిస్తారు. ఇక చిట్టచివరి ఎపిసోడ్ పేరు, స్టేషన్‌లో రోజూ జరిగింది రాసిపెట్టే రిపోర్టుల పేరే. కథ తిరిగి లెమన్ స్ట్రీట్ బల్ల దగ్గరికి వస్తుంది. నాలుగు, ఐదు సీజన్ల మధ్యలో విసుగొచ్చినా ఆ ఒక్కటి వదలకండి.