రంగు వేసి అమ్ముతున్న పాత బెంచ్ వైసులు: కొనేవారికి హెచ్చరిక

పాత బీడు (పోత ఇనుము) బెంచ్ వైసులను, అంటే పనిబల్లకు బిగించి, రెండు దవడల మధ్య సామానును కదలకుండా పట్టి ఉంచే పనిముట్లను బాగుచేసి, రంగు వేసి, కొత్తవాటిలా తయారు చేశామంటూ ఆన్‌లైన్‌లో ప్రకటనలిచ్చి అమ్మేవారి దగ్గర సరుకు తీసుకోదలచినవారు డబ్బు పంపే ముందు ఈ విషయాలు ఓపికగా చదవవలసిందిగా కోరుతున్నాను. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డు కోసం 6 అంగుళాల దవడల వైస్ ఒకటి ₹9,500కు, లారీ పార్శిల్ ఖర్చు విడిగా భరించి తెప్పించాను. పై రంగు గీకి చూస్తే దాని ఒళ్లు మూడు చోట్ల బీట వారి ఉంది, ఆ బీటల మీద లప్పం పూసి ఉంది, లప్పం మీద రెండు పూతల ఆకుపచ్చ రంగు ఉంది. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు లేకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఈ పద్ధతిలో సరుకు తయారు చేసేవారు ఆయన ఒక్కరే అయి ఉండరు.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన 'రికార్డ్' బ్రాండు వైస్ అని ప్రకటనలో ఉంది. సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ పోతపోసిన ఆ నీలిరంగు వైసులకు ఫిట్టర్లలో ఎంత మర్యాద ఉందో చెప్పనక్కరలేదు. ఆ పేరుకే ధర ఒకటికి రెండింతలు పలుకుతుంది. ఒంటి మీద ఉబ్బెత్తు అక్షరాలలో ఆ పేరు నిజంగానే ఉంది, దానికి తెల్ల రంగు దిద్ది మరీ చూపించారు. పేరు పక్కన ఉండవలసిన నంబరు మాత్రం లప్పంలో మునిగిపోయింది. గీకితే 5 అని బయటపడింది. ఆ వరుసలో 3వ నంబరు వైస్‌కు 4 అంగుళాల దవడ, 5వ నంబరుకు 5 అంగుళాలు, 6వ నంబరుకు 6 అంగుళాలు ఉంటాయి. అంటే 5 అంగుళాల వైస్‌కు 6 అంగుళాల దవడ ప్లేట్లు బిగించి, పెద్దదని చెప్పి అమ్మారన్నమాట. రెండు పక్కలా అర అంగుళం చొప్పున ప్లేటు వెనక ఆధారం లేకుండా గాలిలో ఉంది. ఇక కదిలే దవడ ఆ కంపెనీది కానే కాదు. వేరొక వైస్ దవడను తెచ్చి ఈ ఒంటిలో దూర్చి, కొలత కలవని చోట సన్న రేకు ముక్క పెట్టి, చేత్తో ఊపినా కదలిక తెలియకుండా చిక్కటి గ్రీజు కూరారు.

కొనే ముందు ఈ ప్రశ్నలన్నీ అడిగాను. "ఎక్కడా బీట లేదు, వెల్డింగ్ లేదు, అన్ని భాగాలూ అసలువే" అని అమ్మినవారు ఫోన్ సందేశంలో రాసి పంపారు. ఆ సందేశమే ఇప్పుడు ఫిర్యాదుకు ఆధారం. మాట మీద కాక రాతలో జవాబు తీసుకోవడం ఎందుకు అవసరమో ఇంతకంటే వివరంగా చెప్పలేను.

అసలు ప్రమాదం బీటలది. బీడులో కార్బన్ సుమారుగా నూటికి 2 నుంచి 4 పాళ్ల వరకు ఉంటుంది. మామూలు బూడిదరంగు బీడులో అందులో ఎక్కువ భాగం గ్రాఫైటు రేకులుగా పేరుకుని ఉంటుంది కనుక, ఆ లోహం నొక్కుడుకు ఎంత బలంగా నిలుస్తుందో లాగుడుకు అంత బలహీనంగా ఉంటుంది. ఉక్కు విరిగే ముందు వంగి మనకు సూచన ఇస్తుంది. బీడు ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పుటుక్కున విరుగుతుంది. వైస్ బిగించినప్పుడు దవడ అడుగున, మర (దవడను కదిపే పొడవాటి స్క్రూ) సాగే గాడి మూలల్లో పడేది ఈ లాగుడు బలమే. హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించినా, సుత్తితో హ్యాండిల్‌ను కొట్టినా, కొట్టడానికని ఉన్న దిమ్మ భాగం వదిలిపెట్టి గాడి మీద ఇనుము పెట్టి సమ్మెటతో బాదినా బీట మొదలయ్యేది అక్కడే. నాకు వచ్చిన వైస్‌లో ఒక బీట సరిగ్గా ఆ గాడి అడుగున వెనక నుంచి ముందుకు సగం దూరం పాకి ఉంది. రెండోది వైస్‌ను బల్లకు బిగించే బోల్టు చెవి దగ్గర, మూడోది దవడ ప్లేటు కూర్చునే మెట్టు మూలలో ఉన్నాయి. వైస్‌లో బిగించిన పట్టీని వంచుతూ మనిషి బలమంతా వేసిన క్షణంలో దవడ ఊడితే, పాదం మీద పడేది దవడ, ముందుకు తూలి పడేది మనిషి. ఈ హెచ్చరిక రాయడానికి పోయిన డబ్బుకంటే ఇదే పెద్ద కారణం.

లప్పాన్ని పట్టుకోవడానికి అయస్కాంతం ఆనించి చూడమని చాలామంది చెబుతారు. సలహా మంచిదే, కాని బలమైన అయస్కాంతం పలచని లప్పం మీది నుంచి కూడా ఇనుమును లాగేస్తుంది. అందువల్ల ఫ్రిజ్ తలుపుకు అంటించే నీరసమైన అయస్కాంతమే ఈ పనికి తగినది. దానిని ఒళ్లంతా జరుపుతూ పోతే, పట్టు సడలిన చోట రంగు కింద ఇనుము కాక మరేదో ఉందని తెలుస్తుంది. కదిలే దవడను, మరను పూర్తిగా బయటికి తీయించి, ఒంటిని చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి వినాలి. బీడు ఉక్కులా కంగుమని ఎక్కువసేపు మోగదు కనుక గంట మోతను ఆశించకూడదు. కానీ బీట ఉన్న చోట శబ్దం పగిలిన కుండను తట్టినట్టు చచ్చుగా వస్తుంది. ఒక పక్క తట్టి, అదే చోటును రెండో పక్కన తట్టి పోల్చుకుంటే తేడా చెవికి ఆనుతుంది. అనుమానం మిగిలితే రంగు గీకిన చోట కిరసనాయిలు రాసి, కాసేపు నాననిచ్చి, గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. బీటలోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి సుద్ద మీద తడి గీత గీస్తుంది. పెద్ద వర్క్‌షాపుల్లో ఎర్ర రంగు ద్రవం, తెల్ల డెవలపర్ వాడి చేసే పరీక్ష సూత్రమూ ఇదే.

వెల్డింగ్ చేసిన ప్రతి వైస్‌నూ తోసిపుచ్చమని నేను అనడం లేదు. ఇత్తడి పోసి అతికిన బీడు సామాను ఏళ్లతరబడి పనిచేయడం మన ఆటోనగర్లలో అందరూ చూసిందే. ఇత్తడి అతుకులో బీడు కరగదు, వేడి తక్కువ, పసుపు గీత పైకి కనబడుతూనే ఉంటుంది. నికెల్ రాడ్‌తో వేడి చేసి వెల్డింగ్ పెట్టి, తర్వాత బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి మెల్లగా చల్లార్చినదీ నమ్మదగినదే. నాకు వచ్చినదానిలో బోల్టు చెవికి మాత్రం ఇంటి గేట్లకు వాడే మామూలు రాడ్‌తో చల్లటి బీడు మీదనే ఒక వరుస లాగి, గ్రైండర్‌తో చదును చేసి, లప్పం పూశారు. అలా పెట్టిన వెల్డింగ్ పక్కన బీడు అతి గట్టిపడి, చల్లారేటప్పుడే కొత్త బీట వారుతుంది. ఇక్కడా అదే జరిగింది, వెల్డింగ్‌కు సరిగ్గా ఆనుకునే కొత్త గీత ఉంది. అతుకును చూపించి అమ్మేవారికి, అతుకును దాచి అమ్మేవారికి మధ్య ఉన్న తేడాను కొనేవారు ధర దగ్గరే లెక్కలోకి తీసుకోవాలి.

దవడ ప్లేట్ల సంగతి కొంచెం చెప్పాలి. అసలు ప్లేట్లు గట్టిపరచిన ఉక్కువి. మూలలో ఆకురాయి ఒక్కసారి రుద్దితే జారిపోవాలి, కొరకకూడదు. వీటిలో ఆకురాయి మెత్తగా దిగింది. మామూలు పట్టీ ముక్కను కోసి, గ్రైండర్‌తో అడ్డగీతలు గీసి, నల్ల రంగు వేసినవి అవి. అంతకంటే నష్టం వాటిని బిగించిన స్క్రూల వల్ల జరిగింది. పాత బ్రిటిష్ వైసుల్లో విట్‌వర్త్ మరలు, అంటే అంగుళాల లెక్కలో కోసిన పాత బ్రిటిష్ కొలత మరలు ఉంటాయి. 5/16 అంగుళాల విట్‌వర్త్ స్క్రూ మందం 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 18 పళ్లు. మన కొట్లలో దొరికే 8 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూకు పన్ను 1.25 మిల్లీమీటర్లకొకటి, అంటే అంగుళానికి 20కి పైన. మందం దాదాపు ఒకటే కనుక ఇది రెండు చుట్లు హాయిగా దిగి బిగుసుకుంటుంది. అక్కడ ఆగకుండా పానాతో తిప్పితే బీడులోని పాత మర చెడిపోతుంది. నాకు వచ్చిన వైస్‌లో నాలుగు రంధ్రాలూ అలాగే చెడిపోయాయి. వాటిని పెద్దవి చేసి కొత్త మర కోయించడం తప్ప ఇప్పుడు వేరే దారి లేదు.

మర, నట్టు అరుగుదల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి తిప్పి చూస్తే దవడ కదలకుండా ఎంత దూరం ఖాళీగా తిరుగుతుందో చేతికే తెలుస్తుంది. కొద్ది ఖాళీ పాత వైస్‌కు సహజం, అర చుట్టు దాటితే నట్టు మార్చవలసిందే. మర మధ్యభాగంలో పళ్లు సన్నబడి కొన తేలాయేమో కూడా చూడాలి, ఎక్కువగా వాడింది అక్కడే.

నా అభిప్రాయం అడిగితే, రంగు వేసిన వైస్‌కంటే తుప్పు పట్టిన వైస్ కొనడమే మేలు. బీడు మీది తుప్పు చాలావరకు పైపైనే ఉంటుంది, దాని కింద ఉన్న బీటను తుప్పు గీత పట్టిచ్చేస్తుంది కూడా. ఆ తుప్పు వదిలించడం ఇంట్లో చేసుకోదగిన పనే. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి చాకలి సోడా కలిపి, వైస్ భాగాన్ని బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగకు, పనికిరాని మామూలు ఇనుప ముక్కను పాజిటివ్ తీగకు తగిలించి, ఒకదానికొకటి తగలకుండా ముంచి ఉంచితే తుప్పు మెత్తబడి ఊడివస్తుంది. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క ఎంతమాత్రం వాడకూడదు, అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలో కలుస్తుంది. ఇంత హంగు వద్దనుకుంటే నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, మధ్యమధ్యలో తీసి బ్రష్‌తో రుద్ది, చివర కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాస్తే సరిపోతుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక దానిని గ్రైండర్‌తో పొడిగా ఎగరగొట్టకుండా తడిపి గీకాలి.

ఇప్పటికే ఇలాంటి సరుకు వచ్చినవారు పార్శిల్ రసీదు, డబ్బు పంపిన ఆధారం, ప్రకటన ఫోటో, సందేశాలు భద్రపరచుకుని, రంగు గీకే ముందూ గీకిన తర్వాతా ఫోటోలు తీసి ఉంచాలి. అమ్మినవారు వ్యాపారంగా ఈ పని చేస్తున్నట్లయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. మొదట 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించి, అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. ఇంట్లో వృథాగా పడి ఉన్న వైస్‌ను ఎవరో ఒకసారి అమ్ముకున్న సందర్భంలో ఈ దారి అంత సులువు కాదు. అందుకే డబ్బు పంపే ముందే అమ్మేది వ్యాపారా కాదా అని తేల్చుకోవాలి, బిల్లు ఇస్తారా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. బతుకుతెరువు కోసం సొంతంగా పనిచేసుకునే మెకానిక్ కొన్న పనిముట్టు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తుంది కనుక షెడ్డు నడిపేవారు వెనుకాడనక్కరలేదు.

నాకు అమ్మినవారి నుంచి మరో రెండు వైసుల ప్రకటన ఇప్పటికీ కనిపిస్తోంది. అదే ముదురు ఆకుపచ్చ రంగు, అక్షరాలకు అదే తెల్ల దిద్దుబాటు. ఇలాంటివి ఎవరి దగ్గర తీసుకోదలచినా రంగు వేయక ముందు తీసిన ఫోటో ఒకటి, మర బయటికి తీసి ఒంటి అడుగు భాగం చూపే ఫోటో ఒకటి, దవడ ప్లేట్లు విప్పి వాటి వెనక మెట్టు చూపే ఫోటో ఒకటి ముందుగా అడగండి. ఈ మూడూ పంపనివారికి అడ్వాన్సు పంపవద్దు.